నూరు లెక్కపెట్టేదాకా

మా చిన్నమామయ్యగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను అడగకూడని మాట ఒకటి అడిగాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. కిందటి వారం మధ్యాహ్నం వేళ అన్నం వార్చి గిన్నె దించుతుంటే, మా ఊళ్లో మా పొలం కౌలుకు చేసే ఆయన బస్సు దిగి నేరుగా నెల్లూరులోని మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తువ్వాలు భుజాన లేదు, చేతిలో ఉంది. "అమ్మా, చిన్నయ్య పోయినాడు," అన్నాడు. నేను అయ్యో అని కూడా అనలేదు. "కరెంటా?" అన్నాను.

ఆయన తెల్లబోయి చూశాడు. "కరెంటేందమ్మా, మంచంలోనే పోయినాడు. పొద్దున కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పండుకున్నాడంట. మీ అత్తమ్మ పోయి లేపితే లేవలా."

మంచంలో, నిద్రలో పోయారు. చేతిలో తీగ లేదు, కాళ్ల కింద నిచ్చెన లేదు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, గుండె కుదుటపడటం. ఈ కబురు ఏదో ఒక రోజు వస్తుందనీ, వస్తే మీటరు పెట్టె దగ్గర నుంచో స్తంభం దగ్గర నుంచో వస్తుందనీ ఎన్నేళ్లుగానో భయపడుతూ ఉన్నాను. ఆ భయం తీరిన తర్వాత, పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను.

ఆయన మా మామగారి తమ్ముడు. మామగారిని నేను చూడలేదు, నేను కాపురానికి రాకముందే పోయారు. చిన్నమామయ్యగారు చాలా ఏళ్లు నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో కరెంటు పని చేశారు. భార్య చిన్నతనంలోనే పోయింది, పిల్లలు లేరు. కళ్లు మసకబారుతున్నాయని పని మానుకొని అన్నగారి ఇంటికి వచ్చేశారు. ఆ ఇల్లు విడవలూరుకు అవతల, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న పల్లెలో ఉంది. తాటి దూలాల మిద్దె. ఉప్పుగాలికి ఆ ఇంట్లో ఏ ఇనుప వస్తువూ నాలుగేళ్లు నిలిచేది కాదు. తలుపు గొళ్లేలు, బావి గిలక, చివరికి నా ట్రంకు పెట్టె కూడా తుప్పు పట్టాయి.

ఆ ఊరికి కరెంటు వచ్చింది పొలాల్లో మోటార్ల కోసం. మనుషులకు వెలుతురు ఇవ్వాలని ఎవరూ అనుకోలేదు. వచ్చిన తీగ ఎలాగూ వచ్చిందని నాలుగైదు ఇళ్లవాళ్లు పెట్టించుకున్నారు. వాటిలో మా ఇల్లొకటి. ఊరంతా స్విచ్చి నొక్కి నొక్కి సంబరపడుతున్న రోజుల్లో, కరెంటు గురించి తెలిసిన ఒక్క మనిషి మాత్రం దాన్ని చూసి భయపడేవారు. అందుకని ఊళ్లో ఆయనను పావుకోళ్ల మామ అనేవాళ్లు. స్విచ్చి ముట్టుకోవాలంటే ఆయన ముందు కర్ర పావుకోళ్లు తొడుక్కునేవారు. నట్టింట్లో టకటకమని చప్పుడు వినిపిస్తే ఆయన దీపం వేయబోతున్నారని అర్థం. దేన్నైనా ముట్టుకొని చూడాలంటే వేళ్ల కొసలతో కాదు, చేతి వెనక భాగంతో తాకేవారు. ఎవరింటికైనా వెళితే వాళ్ల క్షేమసమాచారాల కంటే ముందు ఆ ఇంటి కప్పు వైపు చూసేవారు. ఫ్యాను ఉన్న గదిలో గోడ వారగానే కూర్చునేవారు తప్ప, దాని కిందికి వెళ్లేవారు కాదు.

చేతి వెనక భాగం సంగతి ఒకసారి అడిగాను. "అరచెయ్యి పట్టుకుంటాది అమ్మణ్ణీ. వదలమన్నా వదలదు. చెయ్యి తిరగేసి తాకితే విదిలించి అవతల పారేస్తాది. మిల్లులో ఒకడు నా కళ్ల ముందరే పట్టుకున్నాడు," అన్నారు. తర్వాత ఏమయిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. "కరెంటుకు చుట్టరికం తెలీదు" అని మాత్రం అప్పుడప్పుడు అంటుండేవారు.

అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఇంకొకటుంది. ఏ చిన్న పనికైనా ముందు మీటరు పెట్టెలోంచి పింగాణీ ఫ్యూజు పీకి, దాన్ని తన పంచె రొంటిన దోపుకునేవారు. బల్ల మీద పెట్టేవారు కాదు, ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. "ఫీజు నా రొంటిలో ఉన్నంతసేపే నాకు ధైర్యం" అనేవారు. పని అయిపోయి, నిచ్చెన తీసి గోడకు చేర్చిన తర్వాతే అది మళ్లీ బయటికి వచ్చేది.

ఈయన మిల్లు పని మానుకొని రాకముందే మా ఇంటికి ఫ్యాను వచ్చింది. నేను చెప్పబోయే సంగతికి మూలం అదే. నడింట్లో పెద్ద దూలానికి ఒక ఉయ్యాల కొక్కెం ఉండేది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఆ కొక్కేనికి కట్టిన గొలుసుల ఉయ్యాలలో ఊగింది. ప్రతి కాన్పుకు ముందు ఆ కొక్కేనికి ఆకుపచ్చ రంగు కొత్తగా వేయించి, పసుపు కుంకుమ పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ఫ్యాను బిగించడానికి నెల్లూరు నుంచి వచ్చిన మనిషి దూలానికి కొత్త కొక్కెం కొడతానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు.

"ఈ కొక్కేనికి మా మామ ఊగినాడు, నా మొగుడు ఊగినాడు, నా కొడుకు ఊగినాడు. ఒకరన్నా కిందపడినారా? దీనికంటే గట్టిది యాడ దొరకతాది నాయనా?" అన్నారు.

ఆ మనిషి కిందినుంచి చూశాడు. రంగు మీద రంగు పడి అది బొటనవేలంత లావుగా కనిపిస్తోంది. సరేనని ఫ్యాను దానికే తగిలించి పోయాడు. అత్తగారు ఫ్యానుకు కూడా కుంకుమ బొట్టు పెట్టారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకూ ఏ అనుమానమూ రాలేదు. పెద్దలు ఊగిన కొక్కెం కదా అని దణ్ణం కూడా పెట్టుకున్నాను.

నాకు భయం పట్టుకుంది మా అమ్మాయి పుట్టిన తర్వాత. నేను మొదటినుంచీ భయస్తురాలినే. బావి గట్టుకు పిల్లి వెళ్లినా నాకు గుండె దడ. బిడ్డ పుట్టాక ఆ దడకు ఆనకట్ట లేకపోయింది. ఎండాకాలం, బిడ్డకు ఒళ్లంతా చెమటకాయలు. అత్తగారు మధ్యాహ్నం పూట దాన్ని నడింట్లో ఫ్యాను కింద చాప మీద పడుకోబెట్టేవారు. నేను పక్కన పడుకొని పైకి చూస్తూ ఉండేదాన్ని. ఫ్యాను ఆపినప్పుడు ఆఖరి రెండు చుట్లలో కిర్రుమని ఒక చప్పుడు వచ్చేది. నేను మెల్లగా చాప గోడ పక్కకు లాగేదాన్ని. కాసేపటికి అత్తగారు వచ్చి, "గాలి తగిలేకాడ పండుకోబెట్టవే" అని మళ్లీ నడిమధ్యకు లాగేవారు. అలా రోజుకు రెండు మూడు సార్లు ఆ చాప అటూ ఇటూ ప్రయాణం చేసేది.

ఇంకొకటి కూడా జరుగుతుండేది. బిడ్డ మీద కప్పిన తెల్ల గుడ్డ మీద సన్నగా ఎర్రటి పొడి పడేది. దులిపితే పోయేది, మర్నాటికి మళ్లీ ఉండేది. అత్తగారికి చూపించాను. దూలం పుచ్చుపొడి అన్నారు. మావారికి చూపించాను. "ఇల్లు కూలుతుందని రాసి ఉంటే ఆపగలమా?" అని నవ్వారు. ఆ తర్వాత నేను ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే లేచి ఆ గుడ్డ చూసుకోవడం, దులపడం నాకొక పని అయింది.

ఆ ఫ్యానుతో ఇంటిల్లిపాదికీ ఒక ఇబ్బంది ఉండేది. నడింట్లో బల్బు దూలానికి, ఫ్యాను కంటే ఎత్తున ఉండేది. సాయంత్రం దీపం వేసి ఫ్యాను తిప్పితే రెక్కల నీడలు గోడల మీదా నేల మీదా మా మొహాల మీదా గిరగిరా తిరిగేవి. అత్తగారికి తల తిరిగేది, బియ్యంలో రాళ్లు ఏరలేకపోయేవారు. బిడ్డ ఆ నీడలను చూసి జడుసుకొని ఏడ్చేది. ఇక గాలి కావాలంటే చీకటి, వెలుతురు కావాలంటే ఉక్క అన్నట్టయింది.

అందుకని మావారు మద్రాసు పోయినప్పుడు, ఫ్యాను అడుగున బిగించే దీపం ఒకటి తెచ్చారు. ఫ్యాను నడిమధ్యలో తిరగకుండా నిలిచి ఉండే కడ్డీ గుండా తీగ దింపి, దాని కింద బల్బు, బల్బు కింద పాలరంగు గాజుగిన్నె బిగించాలి. అప్పుడు వెలుతురు రెక్కల కిందినుంచి వస్తుంది, నీడలు మనమీద పడవు. ఎండుగడ్డిలో చుట్టి తెచ్చిన ఆ గాజుగిన్నెను చూడటానికి పక్కిళ్లవాళ్లు కూడా వచ్చారు. ఆ శుక్రవారం మా అమ్మాయికి అన్నప్రాశన. బంధువులు వచ్చేసరికి నడింట్లో ఆ దీపం వెలగాలని మావారి ముచ్చట. అప్పటికి చిన్నమామయ్యగారు మిల్లు మానుకొని వచ్చి రెండు నెలలయింది.

"చిన్నాయనా, నాలుగు మరలు బిగించే పని. రేపు పొద్దున కానిచ్చేస్తే పోతాది," అన్నారు మావారు.

ఆయన గాజుగిన్నెను చేతిలో పెట్టుకొని బరువు చూశారు. తర్వాత కప్పు వైపు చూశారు. "బరువు కలిపేటప్పుడు పైనుంచి మొదలుపెట్టాల అబ్బయ్యా. ముందు ఫ్యాను దించాల," అన్నారు.

మావారు నిట్టూర్చారు. అత్తగారు లోపలికి వెళ్లిపోయారు. ఆయన నిచ్చెన కొలత చూసుకుంటుంటే, ఎవరూ లేనప్పుడు, నేను బిడ్డ మీది గుడ్డ తెచ్చి ఆయన ముందు పరిచాను. ఆయన ఆ పొడిని రెండు వేళ్ల మధ్య నలిపారు, వాసన చూశారు, నాలుక కొసకు తాకించుకున్నారు.

"పుచ్చు కాదు. ఇనుము," అన్నారు. "ఎన్నాళ్లనించి?"

"నెల దాటింది."

"ఎవురికన్నా చెప్పినావా?"

"అత్తయ్యగారికి చెప్పాను, పుచ్చుపొడి అన్నారు. వారికి చెప్పాను, నవ్వారు."

"మరి నాకెందుకు చెప్పలా?"

"మీరు కూడా నవ్వుతారేమోనని."

ఆయన నవ్వలేదు. "భయమేసినప్పుడు ముందు నా కాడికి రా అమ్మణ్ణీ. నా కాడ ఉండేవన్నీ పాత భయాలే. నీదొకటి కలిస్తే నాకేం బరువు కాదు," అన్నారు. ఆ మాటకు నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను. నెల రోజుల తర్వాత ఒక మనిషి నా భయాన్ని ముట్టుకొని చూసి, నిజమే అన్నాడు. ఆయన పావుకోళ్లు తొడుక్కొని వెళ్లి ఫ్యూజు పీకి రొంటిన దోపుకున్నారు. ఫ్యాను దింపించి గోడకు చేర్పించారు.

ఇక అక్కడినుంచి ఇంట్లో రభస. కొక్కేనికి తాడు వేసి తాను వేలాడి చూస్తాననీ, అది తనను మోస్తేనే ఫ్యాను ఎక్కిస్తాననీ ఆయన అన్నారు. ఇంట్లో ఉన్న కొబ్బరితాడు పనికిరాదన్నారు. పడవలకు కట్టే తాడు కావాలని సముద్రపు ఒడ్డున చేపలు పట్టే పట్టపోళ్ల పల్లెకు నడిచి వెళ్లారు. ఫ్యూజు రొంటిన పెట్టుకొనే వెళ్లారు. ఆ రోజు రాలేదు. ఫ్యాను ఎలాగూ గోడకు చేర్చి ఉంది, దీపాలు కూడా లేకుండా పోయాయి. ఇంట్లో బంధువులు దిగుతున్నారు. బిడ్డ ఉక్కకు గుక్కపెట్టి ఏడుస్తోంది. అత్తగారు విసనకర్ర విసిరి విసిరి, "మా మరిది కరెంటును రొంటిన పెట్టుకొని సముద్రానికి పోయినాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. వాళ్లు నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం మావారి ఓర్పు అయిపోయింది. ఫ్యాను తానే ఎక్కిస్తాననీ, ఫ్యూజు లేకపోతే రాగితీగ ముక్క పెట్టుకుంటాననీ మీటరు పెట్టె దగ్గరికి బయల్దేరారు. నేను అప్పటిదాకా ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు. వెళ్లి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను.

"చిన్నమామయ్యగారు వచ్చేదాకా ఆగండి," అన్నాను.

"పక్కకు జరుగు."

"నేను జరగను. బిడ్డ పడుకునేది దాని కింద."

బంధువులందరి ముందూ మావారి మొహం ఎర్రబడింది. "నువ్వూ ఆయనా ఒకటే బాపతు. ఇద్దరూ పిరికోళ్లే," అని విసురుగా బయటికి వెళ్లారు. నాకు ఏడుపు వచ్చింది. ఒకవేళ ఆ కొక్కెం గట్టిదే అయితే? అప్పుడు ఈ ఇంట్లో నా మాటను జన్మలో ఎవరూ వినరు. కొక్కెం గట్టిదవ్వాలని కోరుకోవాలో, కాకూడదని కోరుకోవాలో నాకు తెలియలేదు.

వేటకు పోయిన పడవలు తిరిగొచ్చేదాకా అక్కడే ఆగి, సాయంత్రం కాకముందే చిన్నమామయ్యగారు భుజాన తాడు చుట్టతో వచ్చారు. నిచ్చెన ఎక్కి తాడును కొక్కెంలోంచి దూర్చి, రెండు కొసలూ ముడివేసి, కూర్చోవడానికి ఒక చెక్క కట్టారు. కింద చాపలు, మంచాలు అన్నీ తీయించారు. నన్ను బిడ్డతో గడప అవతల నిలబడమన్నారు. నిచ్చెన తీసేయమని, నేల మీదినుంచి పాదాలు ఎత్తేసి, ఒంటి బరువంతా ఆ తాడు మీద వేసి నెమ్మదిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నూరు దాకా లెక్కపెట్టాలన్నది ఆయన మిల్లులో పెట్టుకున్న నియమం.

ఒకటి, రెండు, మూడు. చుట్టూ ముసిముసి నవ్వులు. నెరసిన జుట్టు, బక్క కాళ్లు, రొంటిన ఫ్యూజు, ఉయ్యాల కొక్కేనికి ఊగుతున్న అరవై ఏళ్ల మనిషి. "మరిదికి మళ్లా బారసాల చేయాల" అన్నారు అత్తగారు. నవ్వు పెద్దదయింది. ఆయన ఇరవై అనేసరికి మావారు, "చాల్లే చిన్నాయనా, దిగు. నిన్ను మోసింది, ఫ్యాను ఒక లెక్కా," అన్నారు. ఆయన ఇరవై ఒకటి అన్నారు. నలభై అయింది. యాభై అయింది. చూసేవాళ్లకు విసుగు పుట్టి ఒకరిద్దరు బయటికి వెళ్లారు. నేను ప్రతి అంకెకూ బిడ్డను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటున్నాను. అరవై ఒకటి, అరవై రెండు.

అరవై మూడు అన్నారు. టప్పుమని చిన్న చప్పుడు, అంతే. ఆయన నేల మీద ఉన్నారు. ఆయన పక్కనే ఆకుపచ్చ కొక్కెం ముక్క పడింది, తాడు దాని మీద చుట్టుకుంది.

ఆయన ముందు రొంటి తడుముకున్నారు. "ఫీజు ఉండాది. ఎవురూ భయపడబాకండి," అన్నారు. తర్వాత నా వైపు చూసి, "బిడ్డ యాడ?" అన్నారు. బిడ్డ నా చేతుల్లోనే ఉందని చూశాకే ఆయనకు కాలి నొప్పి తెలిసింది. కుడికాలి మడమ అప్పటికే వాచిపోయింది.

మావారు ఆ కొక్కెం ముక్క తీసి వెలుతురులో పట్టుకున్నారు. పైన రంగు పెంకు మాత్రం లావుగా ఉంది. ఉయ్యాల గొలుసు తరతరాలుగా రాసుకున్న చోట లోపలి ఇనుము అగ్గిపుల్లంత మిగిలింది. మిగిలింది కూడా ఉప్పుగాలికి పొడి అయిపోతోంది. ఆ పొడే నా బిడ్డ గుడ్డ మీద పడుతూ వచ్చింది. ఇరవైకి దిగిపోయి ఉంటే ఆ కొక్కెం గట్టిదేనని అందరం నమ్మేవాళ్లం. ఫ్యాను ఎక్కించి, దాని కింద గాజుగిన్నె తగిలించి, దాని కింద బిడ్డను పడుకోబెట్టి ఉండేవాళ్లం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతోంది. అత్తగారు గోడకు ఆనుకొని, "నా చేత్తోనే రంగు వేయిస్తిని కదే" అని నాలుగైదు సార్లు అన్నారు. మావారు ఆ ముక్కను పట్టుకొని కూర్చుండిపోయారు.

అన్నప్రాశన అరుగు మీద, విసనకర్రలతో జరిగింది. పది రోజుల తర్వాత, కాలికి కట్టుతోనే చిన్నమామయ్యగారు మంచంలో కూర్చొని మా ఊరి కమ్మరి చేత దూలం చుట్టూ తిరిగే ఇనుప పట్టీ ఒకటి చేయించారు. దానికి కొక్కెం, కొక్కేనికి దట్టంగా గ్రీజు. రంగు మాత్రం వేయనివ్వలేదు. "ఇనుమును కప్పెట్టబాకండి. దాని మొగం మనకు కనపడతా ఉండాల," అన్నారు. బాగోలేని కాలితోనే మళ్లీ తాడు మీద కూర్చున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నూరు దాకా లెక్కపెట్టి దిగారు.

ఆ సాయంత్రమే ఫ్యాను ఎక్కింది, దాని కింద దీపం వచ్చింది. పావుకోళ్లతో కుంటుకుంటూ వెళ్లి ఆయన రొంటిలోంచి ఫ్యూజు తీసి పెట్టారు. చేతి వెనక భాగంతో ఫ్యాను కడ్డీని తాకి చూశారు. తర్వాత స్విచ్చి నన్ను నొక్కమన్నారు. పాలవంటి వెలుతురు వచ్చింది. ఫ్యాను తిరిగింది, కానీ నీడలు గోడల మీద లేవు. అన్నీ కప్పు మీదికి పోయి అక్కడ తిరుగుతున్నాయి. బిడ్డ వాటి వంక చూసి నవ్వింది. ఆయన మాత్రం వచ్చి గోడ వారగానే కూర్చున్నారు.

ఆ కాలు మళ్లీ మామూలు కాలేదు. అయినా ప్రతి ఏడూ ఎండలు ముదరకముందే ఒకసారి ఫ్యాను దింపించి, తాడు వేసి, నూరు లెక్కపెట్టేవారు. మేము మావారి ఉద్యోగం వల్ల నెల్లూరు వచ్చేశాక కూడా, సెలవులకు మేము వెళ్లేలోపు ఆ పని అయిపోయి ఉండేది. "కొక్కెం చూసినా. బిడ్డను తోలకరా" అని కార్డు రాసేవారు. ఒళ్లు తగ్గిన కొద్దీ తన బరువు చాలదని ఆయనకు అనుమానం వచ్చింది. అప్పటినుంచి ఒక గోతాం సంచిలో సముద్రపు ఇసక నింపి ఒళ్లో పెట్టుకొని కూర్చునేవారు. ఊళ్లోవాళ్లు దానికి కూడా ఒక పేరు పెట్టే ఉంటారు.

మావారు ఆయనకు ఒక్కనాడూ తన పొరపాటు చెప్పుకోలేదు. మంచి మనిషే, కానీ నోరు రాదు. పంచెలు తీసుకెళ్లేవారు, కళ్లజోడు చేయించి ఇచ్చారు. ఆ సాయంత్రం సంగతి మాత్రం వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. ఆ పంచెలూ కళ్లజోడూ ఆ పొరపాటుకేనని నాకు తెలుసు, బహుశా చిన్నమామయ్యగారికీ తెలుసు.

కబురు విని మేము ఊరు చేరేసరికి ఆయనను వాకిట్లోకి తెచ్చేశారు. పొద్దు వాలకముందే అంతా అయిపోయింది. నడింట్లో, ఆయన మంచం ఉన్న చోట, గోడ వారగా ప్రమిదలో దీపం పెట్టారు. మర్నాడు జనం నిండిపోయారు. గాలి స్తంభించింది, అందరికీ చెమటలు. ఫ్యాను తిరగడం లేదు, దీపం వెలగడం లేదు. రాత్రి నుంచీ కరెంటు పోయిందనే అనుకుంటున్నారు. పక్కింట్లో ఉంది. ఎవరో మీటరు పెట్టె తెరిచి, ఫ్యూజు లేదన్నారు. దాని కోసం ఇల్లంతా వెతుకుతున్నారు.

నాకు తెలుసు అది ఎక్కడ ఉండి ఉంటుందో. అత్తగారి దగ్గరికి వెళ్లి, స్నానం చేయించేటప్పుడు ఆయన రొంటిలో ఏమైనా దొరికిందా అని అడిగాను. "ఏందో తెల్లది, పింగాణీది. పొడుం డబ్బీ కాడ గూట్లో పెట్టినా," అన్నారు. అక్కడే ఉంది. గూటి కింద, మూలకు ఆనించి, ఇసక నింపిన గోతాం సంచి, తాడు చుట్ట ఉన్నాయి. ఆ పొద్దున ఆయన ఫ్యూజు పీకి, సంచి నింపుకొని, ఫ్యాను దింపడానికి సాయం వచ్చేదాకా నడుం వాల్చారన్నమాట. ఈ ఏడు కొక్కెం ఇంకా చూడలేదు.

ఫ్యూజు తీసి నా చీర కుచ్చిళ్ల పక్కన రొంటిన దోపుకున్నాను. ఎవరు అడిగినా ఇవ్వలేదు. మావారు వచ్చి నా ముందు నిలబడ్డారు. ఇది మళ్లీ ఆనాటి తగవే అవుతుందేమో అనుకున్నాను.

"ఆయన చూడకుండానే పోయారు," అన్నాను. మూలనున్న సంచి చూపించాను.

మావారు ఆ సంచి వంక చూశారు. తర్వాత కౌలాయనను పిలిచి ఇద్దరూ కలిసి ఫ్యాను దించారు, గాజుగిన్నెతో సహా. తాడు తెచ్చి కొక్కెంలోంచి దూర్చారు. చెక్క కట్టారు. బంధువులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చావింట్లో ఇదేమిటని ఎవరో గొణిగారు. అత్తగారు వాళ్లను ఊరుకోమన్నారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొని గడప అవతల నిలబడింది.

చెక్క మీద కూర్చోబోయే ముందు మావారు నా వైపు తిరిగారు.

"ఫీజు యాడుంది?" అని అడిగారు.

"నా రొంటిలో ఉంది," అన్నాను.

ఆయన మంచి పుష్టిగల మనిషి, ఇసక సంచి అవసరం లేదు. అయినా దాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. రెండు చేతులతో పట్టుకొని, నేల మీదినుంచి పాదాలు ఎత్తి, ఒకటి అన్నారు. గోడ వారగా ప్రమిదలో వత్తి కదలకుండా నిలబడి వెలుగుతోంది. ఇరవై దాటింది, ఎవరూ చాలు అనలేదు. యాభై దాటింది. అరవై మూడు అన్నాక ఆయన ఆగిపోయారు. తల వంచి ఆ సంచిలో మొహం పెట్టుకున్నారు. పాదాలు మాత్రం నేలకు ఆన్చలేదు. కొక్కెం మోస్తూనే ఉంది.

కాసేపటికి తల ఎత్తి, "అరవై నాలుగు," అన్నారు.